కీరా గింజ ఎప్పుడు పెట్టాలి, ఎలా పెంచాలి: బెజవాడ, గుంటూరు ఎండలకు సరిపడే సాగు

విజయవాడ, గుంటూరుల్లో కీరా గింజ ఏడాదిలో ఏ నెలలో పెట్టినా మొలుస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. మార్చి నెలాఖరులో పెట్టిన గింజ మూడో రోజుకే మట్టి చీల్చుకుని పైకొస్తుంది. తీగ చూడముచ్చటగా సాగుతుంది. ముప్పై అయిదో రోజుకు పూత విరగబూస్తుంది, కానీ అందులో నూటికి తొంభై మగపూలే. అక్కడక్కడా వచ్చిన ఆడపువ్వు కింది పిందె రెండు రోజులకే పసుపు తిరిగి, ముడుచుకుని రాలిపోతుంది. అది చూసి ఎరువు తక్కువైందని గుప్పెడు యూరియా వేస్తారు. ఆకు ఇంకా నల్లబడుతుంది, కాయ మాత్రం రాదు. ఆ పువ్వు విచ్చిన పూట బయట 42 డిగ్రీల ఎండ ఉంది. కాయ రాకపోవడానికి కారణం అదే.

అందుకే ఇక్కడ కీరాకు విత్తే తేదీని పువ్వు విచ్చే రోజును బట్టి లెక్క కట్టాలి. ముందు పువ్వుకు మంచి వారాలు ఏవో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఈ ఒక్క లెక్క కుదిరితే మిగతా పనంతా ఓపికతో జరిగిపోతుంది.

ముందు, ఏ దోస?

మన ఇళ్ళలో దోసకాయ అంటే పప్పులోకి, దోసావకాయకు వాడే పసుపుపచ్చటి గుండ్రటి కాయ. అది జాతి రీత్యా ఖర్బూజాకు తోబుట్టువు. సలాడ్‌కు కోసుకునే పొడవాటి ఆకుపచ్చ కీరా వేరే జాతి. కీరా కణంలో 14 క్రోమోజోములుంటాయి, కూర దోసలో 24. కాబట్టి రెండూ పక్కపక్కనే పెంచినా ఒకదాని పుప్పొడితో ఇంకొకటి గింజ కట్టదు. "పక్కన కాకర పాదు ఉంది, అందుకే కీరా చేదెక్కింది" అనే మాట కూడా ఇలాంటిదే. కాకర పుప్పొడికి కీరా చేదుకు ఏ సంబంధమూ లేదు. చేదు సంగతి కింద వివరంగా ఉంది.

కూర దోస ఎండను కీరా కంటే బాగా ఓర్చుకుంటుంది, నేల మీదే పాకించినా కాస్తుంది. ఇక్కడ రాసేదంతా కీరా గురించి.

గింజ కొనేటప్పుడు ప్యాకెట్టును తిప్పి చదవండి. జపనీస్ లాంగ్ గ్రీన్, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా ఉదయ్ లాంటివి సూటి రకాలు. వీటి గింజ దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. హైబ్రిడ్ అయితే ఏటా కొనాల్సిందే. మూడో రకం పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు వేసిన తోట) కీరా. దీనికి అన్నీ ఆడపూలే వస్తాయి, పరాగసంపర్కం లేకుండానే కాయ దిగుతుంది. గింజ ఖరీదు, లెక్కపెట్టి అమ్ముతారు. తేనెటీగ కనిపించని అపార్ట్‌మెంటు డాబా మీద మాత్రం ఈ ఖర్చుకు అర్థముంది. ఆరుబయట తేనెటీగలు తిరిగే పెరట్లో పెడితే దాని కాయల్లోనూ గింజ పడి, కొస ఉబ్బి వంకర పోవచ్చు. పెరటికి మామూలు హైబ్రిడ్డో, సూటి రకమో చాలు.

ప్యాకెట్టు మీద పరీక్ష తేదీ, గడువు తేదీ రెండూ ఉండాలి. కనిష్ఠ మొలక శాతం 60 అని ఉంటుంది. అది చట్టం అడిగే కనీసం, మంచి గింజ 85 దాకా మొలుస్తుంది. గింజ గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఉంటే దానికి మందు పట్టించారని గుర్తు. పిల్లల చేతికి ఇవ్వకండి, తాకాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

తేదీ లెక్క

గింజ పెట్టిన 35 నుంచి 40 రోజులకు ఆడపూలు మొదలవుతాయి. పువ్వు విచ్చిన 8–12 రోజులకు కాయ కోతకొస్తుంది. అంటే తొలి కోత 45–50 రోజులకు. అక్కడి నుంచి ఇంకో 30–40 రోజులు కాస్తుంది. మొత్తం మీద 85–90 రోజుల పంట. ఇందులో మనకు కీలకం 35వ రోజు నుంచి 75వ రోజు వరకు.

ఆ నలభై రోజులూ పగలు 25–33, రాత్రి 18–22 డిగ్రీల మధ్య ఉంటే కీరాకు పండగే. పగటి పొద్దు పొడవు పెరిగి, వేడి ముదిరే కొద్దీ తీగ మగపూలవైపు మొగ్గుతుంది. రాత్రి చల్లగా ఉంటే ఆడపూలు పెరుగుతాయి. 38 దాటాక పుప్పొడి సత్తువ పోతుంది, తేనెటీగలు కూడా పొద్దున్నే ఓ గంట తిరిగి మాయమవుతాయి. ఈ కొలతతో మన క్యాలెండరు చూద్దాం.

డిసెంబరు 25 నుంచి జనవరి 25 వరకు విత్తడం ఈ రెండు ఊళ్ళకూ అన్నిటికంటే మేలు. గుర్తుకు సులువుగా చెప్పాలంటే, ముంగిట సంక్రాంతి ముగ్గులుండగా గింజ మట్టిలో ఉండాలి. జనవరి 5న పెడితే ఫిబ్రవరి 10–14 మధ్య ఆడపూలు, ఫిబ్రవరి 20కి తొలి కాయ, మార్చి నెలాఖరు దాకా కోతలు. ఎండ ముదిరేసరికి పంట చేతికొచ్చేసి ఉంటుంది. సలాడ్‌కూ మజ్జిగలోకీ కీరా కావాల్సిన రోజులూ అవే.

ఫిబ్రవరి 10 దాటి పెడితే ప్రతి వారం ఆలస్యానికీ చివర్లో ఓ వారం కాపు పోతుంది. ఫిబ్రవరి 15న పెట్టిన గింజకు మార్చి 25 ప్రాంతంలో పూత, ఏప్రిల్ మొదటి వారంలో కాయ. ఏప్రిల్ మూడో వారానికి ఆకు అంచులు మాడడం మొదలవుతుంది. 50 శాతం ఆకుపచ్చ నీడ వల కట్టగలిగితే సరే. మార్చిలో గింజ పెట్టొద్దు. ఆ స్థలంలో గోంగూరో, బెండో వేసుకోవడం నయం.

జూన్ 25 నుంచి జూలై 20 వరకు, అంటే ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో రెండో అదను. మృగశిరకు ముంగిళ్ళు చల్లబడతాయని సామెత ఉంది గానీ, కృష్ణా తీరంలో జూన్ రెండో వారంలో కూడా 40 డిగ్రీలు పలికే రోజులు చాలా ఉంటాయి. మొదటి వానకే తొందరపడకండి. రెండు మంచి వానలు పడి, నేల జానెడు లోతు తడిశాక, రాత్రి ఉక్కపోత తగ్గాక పెట్టండి. పూత ఆగస్టులో వస్తుంది. ఈ పంటకు శత్రువు ముసురు. పందిరి లేకుండా వానాకాలం కీరా వేస్తే కాయ నేలకు తగిలి కుళ్ళిపోతుంది.

ఆగస్టు, సెప్టెంబరుల్లో విత్తడం వద్దనే చెబుతాం. పూత సరిగ్గా బూజు తెగులు విజృంభించే రోజుల్లో పడుతుంది, పైన వాయుగుండాలు. లంక నేలల్లోనూ కరకట్ట లోపలా సాగు చేసేవారికి నది కూడా ఉంది: 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, 2024 సెప్టెంబరులో 11.4 లక్షలకు చేరింది. ఆ రెండు నెలల్లో లంకలో పాదు పెట్టడం పెద్ద పందెం.

అక్టోబరు 20 నుంచి నవంబరు 15 వరకు, చిత్త చివర నుంచి విశాఖ దాకా, మూడో అదను. ఇది డాబా తోటలకు చాలా బాగుంటుంది. పూత డిసెంబరులో. రాత్రులు 17–19 డిగ్రీలకు దిగడం వల్ల ఎదుగుదల నిదానిస్తుంది, కాయకు 8 బదులు 12–13 రోజులు పడుతుంది. కాయ మాత్రం చేదు లేకుండా గట్టిగా, కరకరలాడుతూ ఉంటుంది. నవంబరు మధ్యలో తుఫాను హెచ్చరిక వస్తే డాబా మీది సంచుల్ని పిట్టగోడ చాటుకు జరపండి, తీగను పందిరికి అదనంగా రెండు చోట్ల కట్టండి.

మట్టి వేడి చూసుకోవడం

క్యాలెండరు చెప్పింది మట్టి కూడా చెప్పాలి. మామూలు గాజు థర్మామీటరును (జ్వరం చూసేది కాదు) రెండంగుళాల లోతున గుచ్చి, ఉదయం 8 గంటలకు మూడు రోజులు వరసగా చూడండి. మట్టి 30 డిగ్రీలుంటే మూడు రోజుల్లో మొలక, 25 ఉంటే నాలుగు, 20కి ఆరు, 15కి దాదాపు పదమూడు. డిసెంబరు చివర మన దగ్గర పొద్దున మట్టి 20–22 ఉంటుంది కనుక అయిదారు రోజులు ఆగాలి. ఆ ఆరు రోజులూ గింజ తడి మట్టిలో ఉంటుంది, కుళ్ళు పట్టే వేళ అదే. అందుకే చలిలో గింజను ఇంట్లో మొలకెత్తించి పెట్టడం మంచిది. జూలైలో ఆ అవసరం లేదు.

డాబా మీద సమస్య తలకిందులు. మధ్యాహ్నం మూడు గంటలకు నల్ల గ్రోబ్యాగులో మట్టి పట్టుకుని చూడండి. వేలు నిలవనంత వేడిగా ఉంటే ఆ సంచిలో గింజ ఉడుకుతుంది. సంచి చుట్టూ గోనె చుట్టండి, కింద రెండు ఇటుకలు పెట్టి స్లాబుకు తగలకుండా ఎత్తండి.

గింజ సిద్ధం చేయడం

ఇంట్లో దాచిన గింజో, పాత ప్యాకెట్టో అయితే ముందు పరీక్షించండి. 20 గింజలు తడి గుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి, బియ్యం డబ్బా పక్కనో ఫ్రిజ్ పైనో వెచ్చగా ఉంచండి. అయిదో రోజున లెక్కపెడితే 16కు పైగా మొలిస్తే పాదుకు రెండు గింజలు చాలు. 10–12 మొలిస్తే మూడు పెట్టాలి. ఎనిమిది కంటే తక్కువైతే ఆ గింజ వదిలేయండి.

రంగు పూసిన గింజను నానబెట్టకండి, మందు నీళ్ళలో కలిసిపోతుంది. మామూలు గింజను గోరువెచ్చని నీళ్ళలో 4–6 గంటలు నానబెట్టి తీయాలి. "రాత్రంతా నానితే ఇంకా మంచిది కదా" అని వదిలేస్తేనే నష్టం. నీళ్ళలో గింజకు గాలి అందక లోపలి మొలక చచ్చిపోతుంది. తీశాక ట్రైకోడెర్మా విరిడి పొడి (కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు శిలీంధ్రం) పట్టించండి. కిలో గింజకు 5 గ్రాముల లెక్క గనుక, మన చారెడు గింజకు చిటికెడు చాలు. తడి గుడ్డలో కట్టి ఉంచితే 24–36 గంటల్లో తెల్లటి ముక్కు బయటికొస్తుంది. అది మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉన్నప్పుడే మట్టిలో పెట్టాలి. అంతకంటే పొడవైతే పట్టుకోగానే విరుగుతుంది. ముక్కు విరిగిన గింజ ఇక మొలవదు.

నేల, పాదు, సంచి

గుంటూరు వైపు నల్లరేగడి, కృష్ణ ఒడ్డున ఒండ్రు నేల. ఒండ్రులో కీరా హాయిగా పెరుగుతుంది. నల్లరేగడిలో రెండు ఇబ్బందులు: వాన పడితే నీరు నిలిచి వేరు ఊపిరాడక చస్తుంది, ఎండితే పై పొర అట్టకట్టి మొలక పైకి రాలేదు. రెంటికీ మందు ఎత్తు మడి. అడుగు వెడల్పు బోదె చేసి, జానెడు ఎత్తు లేపండి. గింజ మీద కప్పే మట్టిలో సగం చివికిన ఎరువో, ఇసుకో కలిపితే అట్టకట్టదు.

ఒక సెంటు నేలకు లెక్క ఇది. చివికిన పశువుల ఎరువు 80–100 కిలోలు. వరసకూ వరసకూ 5 అడుగులు, పాదుకూ పాదుకూ అడుగున్నర. దారి పోను యాభై పాదులు పడతాయి. పాదుకు రెండు చొప్పున వంద గింజలు, అంటే మూడు గ్రాములు. ఒక గ్రాములో 35–40 గింజలుంటాయి. ఆఖరి దుక్కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, పొటాష్ 300 గ్రాములు కలపండి. పాదుకు గుప్పెడు వేపపిండి వేస్తే వేరుపురుగు తగ్గుతుంది. పచ్చి పేడ మాత్రం వద్దు. అది కుళ్ళేటప్పుడు పుట్టే వేడికి మొలక మాడుతుంది.

డాబా మీద 15 అంగుళాల గ్రోబ్యాగు గానీ, అడుగున నాలుగు రంధ్రాలు చేసిన 20 లీటర్ల డబ్బా గానీ ఒక్క మొక్కకు. మట్టి నాలుగు పాళ్ళు, వర్మీ కంపోస్టు మూడు, కడిగిన కొబ్బరి పొట్టు మూడు, పైన 100 గ్రాముల వేపపిండి. ఒక సంచిలో మూడు మొక్కలు పెట్టి మూడింతల కాయలు ఆశించడం ఎక్కువమంది చేసే పొరపాటు. వేళ్ళు కొట్టుకుని మూడూ పిందె రాల్చుకుంటాయి.

బోరు నీరు ఉప్పగా ఉంటే ముందే చూసుకోండి. కీరా ఉప్పును పెద్దగా ఓర్వదు. ఆకు అంచులు గోధుమరంగులో మాడుతుంటే వాన నీరో, కుళాయి నీరో కలిపి పొయ్యాలి.

గింజ పెట్టడం

సాయంత్రం నాలుగు దాటాక మొదలుపెట్టండి.

1. ముందు రోజే పాదు నిండా తడపండి. విత్తే వేళకు మట్టి పదునులో ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. చేతికి బురద అంటుకుంటే ఇంకో పూట ఆగండి.
2. వేలి మొదటి కణుపు లోతు, అంటే ముప్పావు అంగుళం గుంట చేయండి. నల్లరేగడిలో అర అంగుళం చాలు.
3. గింజను పడుకోబెట్టండి. ముక్కు వచ్చిన గింజ అయితే ముక్కు కిందికి ఉండాలి. పాదులో గింజకూ గింజకూ రెండంగుళాల ఎడం.
4. ఎరువు కలిపిన మట్టి కప్పి, అరచేత్తో మెల్లగా అదమండి. పైన పలుచగా వరిగడ్డి పరవండి. మొలక మెడ కనబడిన రోజునే గడ్డి తీసేయాలి, లేకపోతే కాడ పాలిపోయి పొడవుగా సాగుతుంది.
5. రోజ్ క్యానుతో (చిల్లుల మూతి ఉన్న క్యాను) తడపండి. మొలిచే దాకా రోజూ పలుచటి తడి, వరద కట్టొద్దు.

నారు పోసి నాటాలనుకుంటే 50 గుంటల ట్రేలోనో, పేపరు కప్పుల్లోనో గుంటకొక గింజ పెట్టండి. కీరా వేరు కదిలిస్తే అలుగుతుంది. మడిలో నారు పోసి పీకి నాటే వంగ, మిరప పద్ధతి దీనికి పనికిరాదు. 12–14 రోజులకు, గింజలోంచి వచ్చిన జంట ఆకులు కాక, రెండో అసలు ఆకు విచ్చుతుండగా మట్టిగడ్డతో సహా సాయంత్రం నాటాలి. మూడు వారాలు దాటిన నారు వేరు చుట్టుకుపోయి, నాటాక పది రోజులు కదలదు.

మొదటి పదిహేను రోజులు

మొలక మట్టిలోంచి తల వంచుకుని, ఉంగరంలా మెడ లేపుకుంటూ వస్తుంది. ఆ మెడ అడుగున, వేరు మొదలయ్యే చోట, ఒక పక్కకు చిన్న బొడిపె ఉంటుంది. కంటికి బియ్యపు నూకంత కనిపిస్తుంది. గింజ పొట్టు కింది అంచును ఆ బొడిపె తొక్కిపట్టుకుంటే, మెడ పైకి లాగుతుంది, పొట్టు మట్టిలోనే ఉండిపోయి ఆకులు మాత్రం బయటికొస్తాయి. గింజను మరీ పైపైన పెట్టినా, మట్టి అదమకపోయినా ఆ బొడిపెకు పట్టు దొరకదు. అప్పుడు పొట్టు టోపీలా ఆకుల్ని బిగించి పైకి వచ్చేస్తుంది. దాన్ని ఎండిన స్థితిలో లాగకండి, ఆకు చిరుగుతుంది. నీటి చుక్క వేసి పావుగంట నాననిచ్చి, గోటితో పక్కకు జరిపితే జారిపోతుంది. అడ్డంగా పడుకోబెట్టి, మట్టి అదమమని చెప్పింది ఇందుకే.

ఈ రెండు వారాల్లో మొక్కను చంపేవి రెండు. నేల దగ్గర కాడ నీరుపట్టినట్టు మెత్తబడి పడిపోతే అది నారుకుళ్ళు. తడి ఎక్కువైనందుకు వస్తుంది, పడిన మొక్క లేవదు. తడి తగ్గించి మిగతా పాదుల్లో ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేయండి. రెండోది గుమ్మడి పెంకు పురుగు. నారింజ ఎరుపు రంగులో మెరుస్తూ, బీజదళాలను, అంటే గింజలోంచి వచ్చిన జంట ఆకులను, గుండ్రటి చిల్లులుగా కొరికేస్తుంది. పొద్దున్నే చలికి మందకొడిగా ఉన్నప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వేయడం తేలిక. నాలుగైదు ఆకులొచ్చే దాకా దోమతెర గుడ్డ కప్పి ఉంచితే అసలు రాదు. ముదురు ఆకును కొరికినా మొక్కకు పెద్ద నష్టం లేదు.

రెండు అసలు ఆకులొచ్చాక పాదుకు బలమైన మొక్క ఒకటి ఉంచి, రెండోదాన్ని కత్తెరతో నేల మట్టానికి కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కూడా కదులుతుంది.

పందిరి, తీగ కత్తిరింపు

ఆరడుగుల వెదురు కర్రలు ఎనిమిది అడుగులకొకటి పాతి, పైనా కిందా జీఐ (జింకు పూత పూసిన ఇనుప) తీగ లాగి, మధ్యలో వల కట్టండి. వరసలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే రెండు వైపులా ఎండ సమంగా పడుతుంది. అడుగు ఎత్తు రాగానే తీగను ఎనిమిది అంకె ముడితో వదులుగా కట్టాలి. తర్వాత నులితీగలు తమంతట తామే పట్టుకుంటాయి.

వీడియోల్లో చూసి అందరూ ఒకటే కత్తిరింపు చేస్తున్నారు. రకాన్ని బట్టి చేయాలి. సూటి రకాల్లో ఆడపూలు ఎక్కువగా పక్క కొమ్మలపై వస్తాయి. కాబట్టి ప్రధాన తీగకు 12–15 ఆకులొచ్చాక కొస తుంచితే పక్క కొమ్మలు లేచి కాపు పెరుగుతుంది. అన్నీ ఆడపూలే వచ్చే రకానికి ఆ కొస తుంచితే కాయలొచ్చే తీగనే తుంచినట్టు. దానికి కింది అయిదు కణుపుల్లో పూలు, కొమ్మలు తీసేసి, ప్రధాన తీగను పైకి పోనివ్వాలి.

నీళ్ళు, పై ఎరువు

కీరా బరువులో నూటికి 95 వంతులు నీరే. చలికాలంలో నల్లరేగడికి అయిదారు రోజులకో తడి సరిపోతుంది. మార్చిలో మూడు రోజులకు. ఒండ్రు, ఇసుక నేలల్లో రోజు విడిచి రోజు. కాపు మీదున్న డాబా మొక్క ఫిబ్రవరిలో రోజుకు రెండు లీటర్లు, మార్చిలో మూడు లీటర్లకు పైగా తాగుతుంది. దాన్ని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పొయ్యండి. మధ్యాహ్నం ఆకులు వాలితే కంగారు పడి నీళ్ళు పోయకండి. ఆరింటికి లేస్తే అది ఎండ వాలుడే. పొద్దున ఏడింటికి కూడా వాలి ఉంటేనే దాహం, లేదా వేరుకుళ్ళు. డాబా పైపులో నిలిచిన వేడి నీటిని ముందు బకెట్లోకి వదిలేసి, చల్లబడ్డాక వాడండి.

యూరియా సెంటుకు 800 గ్రాములు, రెండు దఫాలుగా: 25–30 రోజులకు సగం, పిందె దిగాక సగం. పాదుకు దఫాకు 8 గ్రాములు, దాదాపు రెండు టీస్పూన్లు. కాడకు జానెడు దూరంలో వేసి మట్టి కప్పి తడి పెట్టాలి. సంచులకు యూరియా వద్దు, పదిహేను రోజులకోసారి రెండు గుప్పెళ్ళ వర్మీ కంపోస్టు వేస్తే చాలు.

పువ్వు దగ్గర

మొదటి వారం పది రోజులు మగపూలే వస్తాయి. రాలిపోతాయి. అది సహజం, ఏ మందూ అక్కర్లేదు. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక: పసుపు రేకుల వెనక చిటికెన వేలి సగమంత పిందె, దానిపై సన్నటి ముళ్ళు. మగపువ్వుకు సన్నటి కాడ మాత్రమే.

ఆడపువ్వు ఒక్క పూటే పనికొస్తుంది. తేనెటీగలు రాకపోతే ఉదయం 6:30–9 మధ్య మీరే చేయాలి. ఆ రోజే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు వెనక్కి తుంచేయండి. మధ్యలో పసుపు పొడి అంటిన బొడిపె మిగులుతుంది. గోటిపై రాస్తే పొడి అంటాలి, అంటకపోతే ఇంకో పువ్వు చూడండి. ఆడపువ్వు మధ్య మూడు పాయలుగా ఉన్న జిగురు కీలాగ్రం ఉంటుంది. మూడు పాయలకూ పొడి తగిలేలా మెల్లగా రెండు మూడుసార్లు అద్దండి. ఒక పాయకే తగిలితే కాయ ఒక పక్కే ఊరి వంకర తిరుగుతుంది, లేదా తొడిమ దగ్గర లావై కొస సన్నబడుతుంది. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు సరిపోతుంది. కుదిరితే మూడో రోజుకు పిందె కిందికి వంగి నిగనిగలాడుతుంది. కుదరకపోతే కొస నుంచి పసుపు పడుతుంది. పూత ఉన్నన్నాళ్ళూ పురుగుమందు పొద్దున పూట చల్లొద్దు, తేనెటీగలు చస్తాయి.

చేదు ఎక్కడిది?

కుకుర్బిటాసిన్ అనే పదార్థం ఆకుల్లో, కాడల్లో ఎప్పుడూ ఉంటుంది. మొక్క దాహానికి, తీవ్రమైన ఎండకు గురైనప్పుడు అది కాయలోకీ చేరుతుంది. తొడిమ వైపు, తొక్క కింద ఎక్కువ. కోసి నురుగు వచ్చేలా రుద్దితే లోపలి చేదు బయటికి రాదు. తొడిమ వైపు అంగుళం తీసేసి, తొక్క మందంగా చెక్కితే తగ్గుతుంది. నోట పెట్టగానే నాలుక ముడుచుకునేంత చేదుంటే ఆ కాయ తినకండి. కడుపునొప్పి, వాంతులు అవుతాయి. ఒక మొక్కకు వరసగా అన్నీ చేదు కాయలే వస్తే గింజలోనే ఉన్న గుణం, ఆ తీగ పీకేయండి.

తెగుళ్ళు, పండు ఈగ

ఆకుపై ఈనెల మధ్య గళ్ళు గళ్ళుగా పసుపు మచ్చలు, కింది వైపు బూడిద ఊదా రంగు బూజు ఉంటే బూజు తెగులు. ముసురుకు వస్తుంది, వారంలో పాదంతా పాకుతుంది. కింది ఆకులు తీసి గాలి ఆడనివ్వండి, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్ళు పోయండి. మచ్చ కనిపించగానే మాంకోజెబ్ అనే తెగులు మందును లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి చల్లి, లేబుల్‌పై రాసినన్ని రోజులు ఆగాకే కోయండి. ఆకు పైన తెల్లటి పిండి చల్లినట్టుంటే బూడిద తెగులు, పొడి చలికి వస్తుంది. ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి పొద్దున చల్లితే తొలిదశలో అదుపులోకొస్తుంది. గంధకం మాత్రం వాడకండి. దోస జాతి ఆకులు దానికి మాడిపోతాయి. ఆకు ముడతలు పడి పసుపు ఆకుపచ్చ చారలతో కురచబడితే వైరస్. దానికి మందు లేదు. మొక్క పీకి తగలబెట్టి, మిగతా మొక్కలపై తెల్లదోమ, పేనుబంకకు పసుపు జిగురు అట్టలు కట్టండి.

వేసవి పంటలో ఎక్కువ కాయలు పాడుచేసేది పండు ఈగ. పిందెపై సూది పోటంత మచ్చ, దాని మీద జిగురు బొట్టు కనిపిస్తే లోపల గుడ్లు పెట్టినట్టే. ఆ కాయ వంకర తిరిగి కుళ్ళుతుంది. కుళ్ళిన కాయను పాదులో వదిలితే పురుగు మట్టిలో దూరి మళ్ళీ ఈగై వస్తుంది. రోజూ ఏరి పాలిథీన్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయండి. క్యూ ల్యూర్ (మగ ఈగల్ని రప్పించే వాసన మందు) ఎర బుట్ట పెరటికి ఒకటి పూతకు ముందే వేలాడదీయండి. పరాగసంపర్కం జరిగిన రెండో రోజున పిందెకు పాత పంచె గుడ్డతో కుట్టిన సంచి తొడిగితే ఇంకా భద్రం.

కోత, గింజ దాచడం

కాయ 15–20 సెంటీమీటర్లు, ఒంటి నిండా ఒకే ఆకుపచ్చ, నొక్కితే గట్టిగా ఉన్నప్పుడు కత్తెరతో తొడిమ అర అంగుళం ఉంచి కోయండి. మార్చిలో రోజు విడిచి రోజు చూడాల్సిందే. ఆకు చాటున ఒక్క కాయ ముదిరి పసుపెక్కితే, తీగ గింజ కట్టే పనిలో పడి కొత్త పిందెలు వేయడం మానేస్తుంది. పొద్దున కోసిన కాయ తడి గుడ్డలో మూడు రోజులు నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే కింది కూరగాయల అరలో, కాగితంలో చుట్టి పెట్టండి. మరీ చల్లని అరలో ఒళ్ళంతా గుంటలు పడి జారుడవుతుంది.

సూటి రకమైతే కాపు మధ్యలో, ఆరోగ్యంగా ఉండి చేదు లేని తీగ మీద రెండు కాయలు వదిలేయండి. పువ్వు విచ్చిన 35–40 రోజులకు పసుపు గోధుమరంగుకు తిరిగి మెత్తబడతాయి. కోసి వారం నీడలో ఉంచి, గింజల గుజ్జును గాజు సీసాలో కొద్ది నీళ్ళతో ఒకటి రెండు రోజులు పులియబెట్టండి. జిగురు విడుతుంది. నిండు గింజ అడుగుకు దిగుతుంది, తేలింది తాలు. కడిగి నీడలో వారం ఆరబెట్టండి. మడిస్తే వంగకుండా టప్పున విరిగితే ఆరినట్టు. గాలి దూరని సీసాలో చారెడు బూడిదతో కలిపి, పైన విత్తిన సంవత్సరం రాసి పెట్టండి. మన తేమకు మూడేళ్ళ దాకా నమ్మకంగా మొలుస్తుంది, నాలుగో ఏడు 20 గింజల పరీక్ష చేశాకే మడిలో పెట్టండి.